పెరటి షెడ్డు లేతులు

ఇప్పుడు పాత చిన్న లేతుల బేరంలో అన్నిటికన్నా ఎక్కువ పలికేది ఒక్కసారి కూడా ఇనుము కొయ్యని లేతు. చెక్క పెట్టె చెక్కుచెదరకూడదు. అడుగున వాడకం పుస్తకం ఉండాలి. పనిముక్కని బిగించే చక్కు తాళంచెవి మైనపు కాగితంలో చుట్టింది చుట్టినట్టే ఉండాలి. యాభై అరవై ఏళ్ల కిందట ఎవరో మోజుపడి కొని, ఎందుకో బయటికి తియ్యకుండానే అటకెక్కించేసిన యంత్రమన్నమాట. ఇవాళ దాన్ని కొన్నవాడు కూడా అద్దాల బీరువాలోనే పెడతాడు. నేను ఈ బేరాల్లోకి దిగిన కొత్తలో అలాంటిది కనబడితే జనం అనుమానపడేవారు. ఇన్నేళ్లు వాడలేదంటే ఏదో మాయరోగం ఉండే ఉంటుందని దాన్ని పక్కకి జరిపి, నూనె తాగి నల్లబడిన లేతు దగ్గరికి పోయేవారు. అలా పోయిన మనుషుల గురించే నాకు చెప్పాలని ఉంది.

నేను టర్నర్ని. విశాఖపట్నం షిప్‌యార్డులో అప్రెంటిస్‌గా పని నేర్చుకున్నాను. 1960ల నడుమ వర్క్ వోచరు మీద ఇంగ్లండు వచ్చి, నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో రిటైరయ్యేదాకా లేతు ముందే నిలబడ్డాను. నేను పని నేర్చుకున్న చోట ఓడ షాఫ్టులు తిప్పే లేతులుండేవి. ఒక చివర హెడ్‌స్టాక్ దగ్గరున్నవాడు ఇంకో చివర టెయిల్‌స్టాక్ దగ్గరున్నవాడితో మాట్లాడాలంటే కేకెయ్యాలి. అలాంటి చోటు నుంచి వచ్చిన నన్ను తోటి పనివాడొకడు ఒక శనివారం టీకి పిలిచాడు. పెరట్లో షెడ్డు తలుపు తీసి, కిటికీ కింద బల్ల మీద మూరెడు పొడుగు కూడా లేని లేతు చూపించాడు.

"దీని మీద ఎవరికి పని చేసిపెడతావు?" అని అడిగాను.

"ఎవరికీ కాదు, నాకే."

"ఏం చేస్తావు?"

"రైలింజను."

నవ్వుతున్నాడేమో అని మొహం చూశాను. నవ్వడంలేదు. సగం పూర్తయిన ఇంజను గుడ్డ కింద ఉంది. బొగ్గు వేసి, నీళ్లు పోసి, నిజంగా ఆవిరి పుట్టించి మనుషుల్ని లాగే ఇంజను. పట్టాల మధ్య వెడల్పు మూడున్నర అంగుళాలు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, "పగలంతా రాళ్లు కొట్టినవాడు రాత్రి సరదాకి రాళ్లు కొట్టుకుంటాడా ఎక్కడైనా?" అంది. నాకూ అలాగే అనిపించింది. మా వైపు లేతంటే కూడు. సెలవు దొరికితే దాని మొహం చూడం, దసరాకి బొట్టు పెట్టడం తప్ప. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరికి వెళ్తే ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్ది, బొమ్మలు తియ్యడం చూశాను. అక్కడ లేతు మీద బొమ్మలు చేసేవారు. ఇక్కడ లేతే బొమ్మ.

ఆ మాట పూర్తిగా నిజం కాదని తెలియడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఈ షెడ్ల వెనక పెద్ద వ్యవస్థే ఉంది. పెర్సివల్ మార్షల్ అనే ఆయన 1898లో మొదలుపెట్టిన 'మోడల్ ఇంజనీర్' పత్రిక దానికి మూలం. అదే ఏడాది లండన్‌లో ఈ పనివాళ్ల సంఘం పుట్టింది. 1907 నుంచి పత్రిక పేరు మీద ప్రదర్శనలు. ఎల్.బి.ఎస్.సి. అనే పొడి అక్షరాల వెనక దాక్కుని ఒకాయన దశాబ్దాల తరబడి అందులో రాశాడు, 1967లో పోయాడు. బుల్లి ఇంజనంటే గడియారం స్ప్రింగుతో తిరిగే ఆటవస్తువు కాదు, బొగ్గు తిని బరువు లాగాలి అన్నది ఆయన పట్టుదల. 'టిచ్' అని కొత్తవాళ్ల కోసం ఒక ఇంజను గీసిచ్చాడు. నేను ఖాళీ చేయించిన షెడ్లలో పూర్తికాని టిచ్‌లు ఎన్ని చూశానో! మొదలుపెట్టినవాళ్లందరూ పూర్తిచేస్తే ఇంగ్లండులో నడవడానికి చోటుండేది కాదు.

నా అదృష్టం, నేనున్న ఊరి పక్కనే బీస్టన్. సెసిల్ మూర్ 1934లో అక్కడ ఒక లేసు మిల్లులో కాస్త చోటు తీసుకుని మైఫర్డ్ కంపెనీ పెట్టాడు. నాటింగ్‌హామ్ లేసు అంతా యంత్రాల మీద నేసింది. మన నర్సాపురం ఆడవాళ్లు క్రోషే సూదితో చేత్తో అల్లిన లేసు చూసిన నాకు ఆ మిల్లుల గోడలు చూస్తే చిత్రంగా ఉండేది. యుద్ధం అయిపోయాక 1946లో మైఫర్డ్ వాళ్లు ఎం.ఎల్. 7 తెచ్చారు. సెంటరు ఎత్తు, అంటే అడుగు బెడ్ నుంచి పని తిరిగే ఇరుసు దాకా, మూడున్నర అంగుళాలు. బ్రిటన్‌లో షెడ్డున్న ప్రతివాడి కలా అదే. బుల్లి లేతుల్లో అది పెద్దన్నయ్య. అది కొనలేనివాడు ఇంకా చిన్నదానితో సరిపెట్టుకునేవాడు. షెఫీల్డ్‌లో పోర్టాస్ కుటుంబీకుడొకరు చేసిన అడెప్ట్, సూపర్ అడెప్ట్ అలాంటివే. కుర్రాడి జేబుఖర్చుకి అందేలా చేసినవి, నాణ్యత కూడా జేబుఖర్చుకి తగ్గట్టే. కానీ ఓపిక ఉన్నవాడి చేతిలో అదీ పని చేసేది. కాలితో తొక్కే చక్రానికి తోలు బెల్టు కట్టి, యుద్ధానికి ముందు పిల్లలు దాని మీదే ఇత్తడి కోయడం నేర్చుకున్నారు. తరువాత వాళ్లే ఫ్యాక్టరీల్లో నా పైవాళ్లు అయ్యారు.

నేను కొనీ అమ్మీ, మళ్లీ కొనీ బాగా ఎరిగింది మాత్రం యూనిమాట్. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గర హాలైన్ అనే ఊళ్లో ఎమ్కో కంపెనీ చేసింది, 1950లలో. మామూలు లేతుకి పోత ఇనుముతో బరువైన బెడ్ ఉంటుంది. దీనికి దాని బదులు రెండు గుండ్రటి ఉక్కు కడ్డీలు. సెంటరు ఎత్తు 36 మిల్లీమీటర్లు. సెంటర్ల మధ్య పొడుగు జానెడు కన్నా తక్కువ. చంకలో పెట్టుకుని బస్సెక్కచ్చు. అసలు గమ్మత్తు ఏమిటంటే, హెడ్‌స్టాక్‌ని మోటారుతో సహా ఊడదీసి నిలువు కడ్డీకి తగిలిస్తే అదే డ్రిల్లింగ్ మిషను. కింద స్లయిడ్ ఉంది గనక మిల్లింగ్ కూడా. గుండ్రటి రంపం, జిగ్‌సా, గ్రైండింగ్ రాయి, మర కోసే సరంజామా, ఇలా ఒక్కొక్కటీ విడిగా అమ్మేవారు. షెడ్డు లేనివాడు, రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాడు, వంటింటి బల్ల మీద దినపత్రిక పరిచి పని చేసుకుని, భోజనం వేళకి పెట్టెలో సర్దేసేవాడు.

లోపాలు లేకపోలేదు. రెండు కడ్డీలూ కాస్త లోతుగా కోస్తే వణుకుతాయి. ఉక్కు కొయ్యాలంటే వెంట్రుకవాసి చొప్పున తీస్తూ పోవాలి. మోటారు చిన్నది, ఊరికే వేడెక్కుతుంది. దాని మీద చెయ్యి నిలవకపోతే టీ తాగే వేళయిందని లెక్క. రబ్బరు బెల్టులు కొన్నేళ్లకి గట్టిపడి ముక్కలైపోతాయి. చాలా భాగాలు జింకు మిశ్రమంతో పోసినవి, బలం చూపించి బిగిస్తే పగులుతాయి. ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఫిట్టరు చేతికి యూనిమాట్ ఇవ్వకూడదు, గడియారాలు బాగుచేసేవాడి చేతికివ్వాలి అని నేనెప్పుడూ అనేవాణ్ణి. కొత్తగా సేకరించేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది చక్కు దగ్గర. పాత యూనిమాట్ స్పిండిల్ మర 12 మిల్లీమీటర్లు, 1970లలో వచ్చిన యూనిమాట్ 3కి 14. పెట్టె మీద పేరు చూసి చక్కు కొనుక్కుపోయి, అది పట్టక, మర్నాడు నాకు ఫోను చేసేవారు.

ఈ బేరం ఎలా సాగేదో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. 'మోడల్ ఇంజనీర్' పత్రిక చివరి పేజీల్లో చిన్న అక్షరాల ప్రకటనలు. పత్రిక పోస్టులో రాగానే టీ కప్పు కూడా పట్టుకోకుండా చివరి నుంచి చదవాలి. ఫోను నంబరుంటే వెంటనే చెయ్యాలి, మధ్యాహ్నానికి అమ్ముడైపోతుంది. ఊళ్లో పేపర్లమ్మే కొట్టు కిటికీకి అంటించిన పోస్టుకార్డులు రెండో దారి. మూడోది, అన్నిటికన్నా నమ్మకమైనది, బుల్లి ఇంజన్లు చేసేవాళ్ల క్లబ్బు. ఎవరికి చూపు తగ్గింది, ఎవరు ఇల్లు మారి చిన్నింట్లోకి వెళ్తున్నారు, ఎవరి గుండె బాగోలేదు అన్న కబుర్లన్నీ అక్కడే తెలిసేవి. వినడానికి గద్దల గుంపులా ఉంటుంది గానీ, ఆ కబురు చెప్పేవాడు తన లేతు ఎవరికి పోవాలో కూడా ముందే చెప్పి ఉంచేవాడు.

చూడ్డానికి వెళ్లినప్పుడు లేతుకన్నా ముందు నేల చూసేవాణ్ణి. మూలల్లో దాగిన పొట్టు అబద్ధం చెప్పదు. ఇత్తడి రజనయితే మనిషి నెమ్మదస్తుడు, యంత్రం బాగుంటుంది. నీలి రంగెక్కిన ఉక్కు చుట్టలైతే పాపం యంత్రం కష్టపడింది. తరువాత స్పిండిల్ పట్టుకుని పైకెత్తి, వదులుందేమో చూడాలి. ఎం.ఎల్. 7కి వైట్‌మెటల్ బేరింగులు. వాటి కింద పొరలు పొరలుగా రేకులుంటాయి. అరిగినకొద్దీ ఒక్కో పొర ఒలిచి మళ్లీ సరిచేసుకోవచ్చు. పొరలన్నీ అయిపోయి ఉంటే ధర తగ్గించమనాలి. బెడ్ ఎప్పుడూ చక్కు దగ్గరే అరుగుతుంది, పనంతా అక్కడే జరుగుతుంది కనక. టూలు మోసే క్యారేజిని అక్కడ బిగుతుగా సర్ది, రెండో చివరకి తిప్పుకుంటూ పోతే మధ్యలో పట్టేస్తుంది. అలా పట్టేస్తే అమ్మేవాడి మొహం చూడకూడదు, చూస్తే బేరం ఆడలేం.

చేంజ్ గేర్ల పెట్టె విప్పి లెక్కపెట్టడం ఆఖరి పని. ఒక్క గేరు తక్కువైనా కొన్ని మరలు కొయ్యలేం. ఆ ఒక్కటీ ఎక్కడికి పోయిందంటే, నూటికి తొంభై పాళ్లు పక్కింటాయన అరువు తీసుకుని ఉంటాడు.

అన్నిటికన్నా బరువైన బేరాలు మనిషి పోయిన ఇళ్లలో. భార్య ఫోను చేసేది. గొంతులో ఏడుపుండేది కాదు, మొహమాటం ఉండేది. షెడ్డులో ఏముందో నాకు తెలీదు, మీరొచ్చి చూస్తారా అని. వెళ్తే ముందు టీ. తరువాత ఆయన ఫొటో. ఆ తరువాతే తాళంచెవి. లోపల గోడ నిండా పొగాకు డబ్బాలు, ఒక్కోదాని మీద తెల్ల రంగుతో 2 బి.ఎ., 4 బి.ఎ., 6 బి.ఎ. అని మర కొలతలు. సన్న మేకుల నుంచి అరిగిన ఆకురాళ్ల దాకా దేనికీ చోటు తప్పదు. బల్ల మీద ఇంజను ఫ్రేములు, పక్కన గోడకి డ్రాయింగు, డ్రాయింగు మీద పెన్సిలుతో ఆయన వేసుకున్న టిక్కులు. స్టువార్ట్ టర్నర్ వాళ్ల ఆవిరి ఇంజను పోతలు విప్పని పెట్టెలో, రిటైరయ్యాక చేద్దామని దాచుకున్నవి.

ఇలాంటి చోట నేను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. సగం అయిన ఇంజనుని దాని డ్రాయింగు నుంచి, మిగిలిన పోతల నుంచి విడదీసి అమ్మను. విడదీస్తే అది తూకానికి పోయే ఇత్తడి. కలిపి ఉంచితే పదేళ్లకైనా ఎవడో ఒకడు ఆ టిక్కుల దగ్గర నుంచి అందుకుంటాడు. లేతు విషయంలో మాత్రం నాకు అంత పట్టింపు లేదు. ముక్కలు చేసి అమ్మేవాళ్లని సేకర్తలు కసాయివాళ్లంటారు. చక్కు ఒకడికి, టెయిల్‌స్టాక్ ఒకడికి, మోటారు ఒకడికి అమ్మితే మొత్తం మీద ఎక్కువ వస్తుందన్నది నిజం. కంపెనీ విడిభాగాలు ఆపేశాక ఇంకో దారి ఏముంది? పగిలిన స్లయిడ్‌తో మూలపడ్డ యూనిమాట్‌కి ఇంకో యూనిమాట్ ఒళ్లు కోసి ఇవ్వాల్సిందే. ఒక్కటి చచ్చి నాలుగింటిని బతికిస్తే దాన్ని పాపమనుకోవడం అద్దాల బీరువా ఆలోచన.

కొనేవాళ్లలో రకరకాలవాళ్లు. గడియారాలవాళ్లు, దంతవైద్యులు, క్లారినెట్ కీలు చేసుకునేవాళ్లు, చేపల గాలాలకి రీళ్లు తిప్పేవాళ్లు. రంగుల తేడాల కోసం ఒకే యంత్రాన్ని నాలుగు కొనేవాడు కూడా ఒకడుండేవాడు. అతని దగ్గర ఒక్క పదునైన టూలు లేదు. ఒకసారి లెస్టర్‌లో పని చేసే మన గోదావరి జిల్లా డాక్టరుగారొకరు నా పేరు విని వచ్చారు. చేతిలో రాజమండ్రి రత్నం పెన్ను. గాంధీగారు స్వదేశీ వస్తువు చెయ్యమన్నందుకు కె.వి. రత్నంగారు తయారుచేసిన పెన్ను అని, 1935లో మహాత్ముడు ఉత్తరం కూడా రాశాడని నాకు తెలిసిన కథే మళ్లీ చెప్పారు.

"మాస్టారూ, ఇది లేతు మీదే తిప్పుతారట కదండీ. నాకు నేర్పుతారా?"

"పేషెంట్లు ఏమైపోవాలండీ?"

"రాత్రిళ్లు చేసుకుంటానండీ. నిద్ర ఎలాగూ పట్టదు."

ఆ పెన్ను చేసే ఎబొనైట్ అనే గట్టి రబ్బరుని తిప్పడం ఉక్కు తిప్పినట్టు కాదు. టూలు క్షౌరం కత్తిలా ఉండాలి, వేడి పుట్టకూడదు, పలచగా తియ్యాలి. యూనిమాట్ బలహీనతలన్నీ అక్కడ పనికొచ్చే గుణాలయ్యాయి. ఎబొనైట్‌లో గంధకం ఉంటుంది గనక కొయ్యగానే ఘాటు కంపు. వాళ్లావిడ మొదటి వారమే లేతుని వంటింట్లోంచి గరాజులోకి పంపేసింది. ఆయన తిప్పిన మొదటి క్యాప్ మర పట్టలేదు, రెండోది పగిలింది. ఆ తరువాత వచ్చిన పెన్నుతో నాకు ఉత్తరం రాశారు, సిరా మరకలతో సహా. ఆయన కొన్న లేతు మీద అప్పటికే ముగ్గురు యజమానుల గీతలున్నాయి. ఒక్కటి కూడా ఆయనకి అడ్డం రాలేదు.

ఈ మనుషులు ఎక్కడి నుంచి వచ్చేవారో చూస్తే, ఎందుకు రావడం మానేశారో అర్థమవుతుంది. బడుల్లో మెటల్‌వర్క్ క్లాసులుండేవి. హాలిఫాక్స్‌లో చేసిన బాక్స్‌ఫర్డ్ లేతు ముందు నిలబడని కుర్రాడు తక్కువ. బడి నుంచి అప్రెంటిస్‌షిప్, అక్కడి నుంచి ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ నుంచి షెడ్డు. షెడ్డులో యజమాని లేడు, గంట లేదు, ముక్కకింత అని రేటు లేదు. వారమంతా వేరేవాళ్ల డ్రాయింగు ప్రకారం కోసిన చెయ్యి శనివారం తను ఎంచుకున్నది కోసేది. మా ఆవిడ అడిగినదానికి జవాబు అదేనని నాకు ఆలస్యంగా తట్టింది. 1980లలో ఫ్యాక్టరీలు మూతపడుతుంటే, చేతికొచ్చిన పరిహారం డబ్బుతో చాలామంది మంచి లేతులు కొన్నారు. నా బేరం అప్పుడే బాగా సాగింది. అది ఆఖరి ఊపు అని ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. వాళ్ల కొడుకులకి ఫ్యాక్టరీ లేదు. బడుల్లో లేతుల స్థానంలో డిజైన్ అండ్ టెక్నాలజీ అని కొత్త పాఠం వచ్చింది, అట్టముక్కలూ ప్లాస్టిక్కూ ఎక్కువ. మన దేశంలో ఒకప్పుడు పెళ్లికొడుక్కి పెట్టిన రాలీ సైకిలు పుట్టిన నాటింగ్‌హామ్ కర్మాగారం 2002లో ఆగిపోయింది. 2011లో బీస్టన్ మైఫర్డ్ తలుపులు మూసుకున్నాయి. పేరూ, మిగిలిన సరుకూ యార్క్‌షైర్ కంపెనీ ఒకటి కొనుక్కుంది.

చైనా నుంచి వచ్చిన చిన్న లేతుల్ని తిట్టడం మా వాళ్లకి అలవాటు. నేను తిట్టను. కొత్తగా నేర్చుకునేవాడికి విడిభాగాలు దొరికే యంత్రం కావాలి, చరిత్ర కాదు. 1999లో ఈబే ఈ దేశంలోకి వచ్చాక పాతవాటి బేరం అంతా దాని మీదకి పోయింది. ధరలు పెరిగాయి, టీలు పోయాయి. నేల చూసి మనిషిని అంచనా వేసే వీలు లేదు, ఫొటోలో నేల తుడిచేసి ఉంటుంది. వాడనిదానికి ఎక్కువ ధర అనే పద్ధతి కూడా అప్పుడే గట్టిపడింది. తెర మీద చూసేవాడికి గీత కనబడుతుంది, ఆ గీత పెట్టిన చెయ్యి కనబడదు.

నా దగ్గర ఇంకా రెండు యూనిమాట్‌లు, ఒక సూపర్ అడెప్ట్ మిగిలాయి. మా మనవడు వాటిని ఇత్తడి పాలిష్ పెట్టి అమ్మేద్దామంటాడు. బదులుగా క్లబ్బుకి ఇచ్చేద్దామని మొన్న కార్యదర్శికి ఫోను చేశాను. ఆదివారాలు అక్కడ పిల్లల్ని ఎక్కించుకుని బుల్లి రైళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆయన మొహమాటపడ్డాడు. పోయినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన లేతులతో గది నిండిపోయింది, ఇంక పెట్టడానికి చోటు లేదు అన్నాడు. ఫోను పెట్టేసేముందు, లేతులొద్దు గానీ డ్రిల్లు బిట్లకి చేత్తో సాన పట్టడం వచ్చినవాళ్లెవరూ లేరు, బుధవారాలు మీరు రాగలరా అని అడిగాడు. వస్తానన్నాను. ఆ గ్రైండరు రాయి ఎలా ఉందో ముందు చూడాలి.